ముందే బయటపడ్డ బాణం

కిందటి వారం బాణాలమ్మని సొరంగం నోట్లో వదిలిపెట్టి మనం ఎవరి పనులు వాళ్లం చూసుకున్నాం. పాపం, ఆమెకి ఆ వెసులుబాటు లేదు. స్టీరింగ్ దగ్గర బావ, పక్క సీట్లో తను, వెనకాల శాలువా మెడదాకా కప్పుకుని అక్క, ముగ్గురూ కొండకి అవతలున్న కోర్టుకి బయల్దేరారు. అక్కడ బాణాలమ్మ మొగుడు జడ్జిగారి ముందు నిలబడి, తపాలా ఆయన సైకిల్ని గుద్ది ఆగకుండా పోయింది తనేనని ఈ పూట ఒప్పుకోవాలి. లోపలికి వెళ్లేముందు ఆయనకి ఆ మాట చెప్పాల్సింది పెళ్లామే. ఒప్పుకుంటే తక్కువలో పోతుంది, మొండికేస్తే ఏళ్లు పడుతుంది అని బావ తనూ చెప్పి, లాయరు చేతా చెప్పించి, చివరికి ఎలాగో ఆమె చేత సరే అనిపించాడు.

ఈ వారమే మొదలుపెట్టినవాళ్ల కోసం ఇంకో రెండు ముక్కలు. బాణాలమ్మ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. బావ వర్క్‌షాపులో కార్లకి దారి చూపే పెట్టెలు బిగించే పని ఆమెది. తెర మీద కారు బదులు కదిలే బాణం తప్పుదారి పట్టకుండా చూసేది ఆమె గనక మెకానిక్కులు సరదాగా అలా పిలిచారు, ఆ సరదా ఇంటిదాకా వచ్చి స్థిరపడిపోయింది. ఆమె మొగుడు అదే షాపులో, బాగుచేసిన కార్లని రోడ్డు మీద తిప్పి చూసే డ్రైవరు. అంటే బావ ఆయనకి తోడల్లుడూ, జీతమిచ్చే యజమానీ. పండక్కి పక్కపక్కన కూర్చునే మనిషే మర్నాడు ఆలస్యంగా వచ్చావేమని అడిగితే ఎలా ఉంటుందో మొదటి భాగాల్లో చూశాం.

తపాలా ఆయన ఇంకా ఆసుపత్రిలో కళ్లు తెరవకుండా పడున్నాడు. రోడ్డు పక్క తడిమట్టిలో టైరు అచ్చు ఒకటి దొరికింది. ఆ అచ్చు, షాపులో ఉన్న డెంటిస్టు గారి కారు టైర్లకి సరిపోయింది. ఆ కారుని ఆ రోజు బయటికి తీసింది బాణాలమ్మ మొగుడు. పైగా ఆ సాయంత్రం ఆయన అదే రోడ్డు మీద తల వంచుకుని నడిచి వెళ్లడం మందుల షాపు ఆయన చూశాడు. డెంటిస్టు గారి కారు ముందు సొట్ట ఉన్న మాట కూడా నిజమే, అసలు అది షాపుకి వచ్చిందే సొట్ట తీయించుకోవడానికి. ఇంతమంది ఇన్ని చెబుతుంటే ఆయన మాత్రం ఔననలేదు, కాదనలేదు. పెళ్లాం కలవడానికి వెళ్లిన ప్రతిసారీ, నువ్వు ఏడవకు అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయేవాడు. కాదని గట్టిగా ఒక్కసారి అనడేం అని బాణాలమ్మకి లోపల్లోపల పుండులా సలుపుతూనే ఉంది.

అదీ సంగతి. ఇక సొరంగంలోకి వెళదాం.

సగం దాటాక ముందున్న బళ్ల వెనక లైట్లు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. ఇంకొంచెం పాకి, ఆగి, మళ్లీ పాకి, చివరి మలుపు ఇంకా కొంత దూరం ఉందనగా అన్నీ నిలిచిపోయాయి. వీళ్ల ముందు పెద్ద కంటైనర్ లారీ, వెనకాల బస్సు, పక్క వరుసలో మంచాలూ పరుపులూ వేసుకున్న వ్యాను. గోడ మీద స్పీకర్లోంచి ఒక గొంతు, బయటికి వెళ్లే చోట ఒక లారీ ఇరుసు విరిగి అడ్డం తిరిగిందని, ఇంజన్లు ఆపుకోమని, ఎవరూ బళ్లు దిగవద్దని చెప్పింది. ఎంతసేపు అన్నది మాత్రం చెప్పలేదు. బావ ఇంజను ఆపాడు. ఏసీ ఆగిపోయింది. అద్దాలు దించితే పొగ, ఎత్తితే ఉక్క. ఎటు చేసినా ఊపిరి సలపని వ్యవహారమే.

బాణాలమ్మ ఫోను తీసింది. సిగ్నల్ లేదు. ఉండదని తెలుసు, అయినా మళ్లీ మళ్లీ చూసింది. ఈలోగా అక్కడ ఆయన్ని పిలిచేస్తే? తను కనబడక, కాళ్లూ చేతులూ ఆడక, ఏం అంటాడో ఏం అనడో. చెప్పాల్సింది ఒప్పుకోమని అయినా సరే, ఆ మాట తన నోటి నుంచే ఆయన వినాలి. వెనక్కి తిరిగి చూస్తే అక్క కళ్లు మూసుకుని ఉంది. తపాలా ఆయనకి దెబ్బ తగిలిన నాటి నుంచి అక్కకి ఒంట్లో బాగుండటం లేదు, తిండి సహించడం లేదు, నిద్ర లేదు. మరిది లాంటి మనిషి జైల్లో ఉంటే ఏ మనిషికైనా అంతేగా అనుకుంది బాణాలమ్మ. పొద్దున రావద్దంటే కూడా వినలేదు, వచ్చి కారెక్కి కూర్చుంది.

ఏమీ తోచక ఆమె చూపు అలవాటు చొప్పున పెట్టె మీద పడింది. పడి, అక్కడే ఆగిపోయింది.

తెర మీద బాణం సొరంగంలో లేదు. సొరంగం దాటి, చివరి మలుపు దాటి, బయట కాలవ వంతెన పక్కన తీరిగ్గా నిలబడి ఉంది. మనుషులు ముగ్గురూ కొండ కడుపులో ఉడికిపోతుంటే బాణం మాత్రం ఎండలో ఉంది.

మామూలు మనిషైతే పెట్టె పాడైందని దాని నెత్తిన ఒకటి మొట్టి ఊరుకునేవాడు. బాణాలమ్మ ఊరుకోలేదు, ఎందుకంటే ఈ పెట్టె పని చేసే తీరు ఆమెకి తెలుసు. ఆకాశం కనబడినంతసేపూ అది ఉపగ్రహాలని అడిగి తానెక్కడున్నదీ తెలుసుకుంటుంది. సొరంగంలో దూరాక అడగడానికి ఎవరూ ఉండరు. అప్పుడు అది చక్రాల మాట వింటుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఎంత దూరమో దానికి ముందే నేర్పి ఉంచుతారు, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటూ దారి గీత మీద బాణాన్ని జరుపుకుంటూ పోతుంది. ఖరీదైన పెట్టెలు మలుపులు కూడా పసిగడతాయి గానీ ఇది పాత రకం, చక్రం ఏం చెబితే అదే వేదం దీనికి. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది. పెట్టె అదంతా దూరమే అనుకుంటుంది. బాణం కారుని దాటిపోతుంది.

అందుకే టైర్లు మార్చిన ప్రతి కారుకీ పెట్టెకి మళ్లీ నేర్పాలి. నేర్పకుండా పోయి, సొరంగం దాటాక తప్పుదారి పట్టి, తిరిగొచ్చి పోట్లాడిన వాళ్ల బాధ పడలేక బావే ఒక అట్ట ముక్క మీద ఎర్ర అక్షరాలతో రాసి షాపు గోడకి కొట్టాడు. ‘టైరు మార్చారా? పెట్టెకి చెప్పండి.’ ఆ అట్ట కిందే కూర్చుని ఆమె రోజూ అన్నం తింటుంది.

ఈ కారు పెట్టెకి నేర్పింది కూడా ఆమే. బావ తన కారుకి కొత్త టైర్లు వేసుకున్నాడు, తపాలా ఆయనకి దెబ్బ తగలడానికి కొంచెం ముందు. టైర్లు వేసిన మర్నాడే ఇద్దరూ ఇదే సొరంగంలోకి వచ్చి చూశారు. కారు ముక్కూ బాణం మొనా ఒకేసారి ఎండలోకి వచ్చాయి. బావ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి, నా మరదలికి తిరుగు లేదురా అని షాపంతా చాటాడు. ఆ తర్వాత సెల్ఫ్ మోటారు పోయి స్టార్టవడం లేదని కారు షెడ్డులో పడుంది. ఇవాళే బయటికి తీయడం. ఇంటి నుంచి సొరంగం దాకా సందుల్లో నత్తనడకే, ఆ మాత్రం దారిలో పెట్టె చక్రాన్ని మళ్లీ అంచనా వేసుకోలేదు.

“బావగారూ, బాణం చూశారా?” అంది.

బావ చూశాడు. చూసిన మనిషి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. టైర్లలో గాలి తగ్గి ఉంటుంది, కారు ఇన్నాళ్లు నిలబడి ఉందిగా అన్నాడు తుడుస్తూనే. గాలి తగ్గితే బాణం గజం అటో ఇటో పోతుందిగానీ కాలవ దాకా పోదు. ముప్ఫై ఏళ్లుగా టైర్లతో బతుకుతున్న మనిషికి ఆ సంగతి తెలియదా? తన చెవిలో ఎవరో పువ్వు పెడుతున్నారని బాణాలమ్మకి అప్పుడు మొదటిసారి అనిపించింది.

ఆమె తలుపు తీసింది. దిగొద్దన్నారు కదా అంటూ బావ చెయ్యి పట్టుకోబోయాడు. అప్పటికే ఆమె గోడకీ కారుకీ మధ్య ఇరుకులోకి దిగిపోయింది. పరుపుల వ్యాను డ్రైవరు, ఏమ్మా, చచ్చిపోవాలనుందా అని గద్దించాడు. ఆమె వినిపించుకోకుండా ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఫోను దీపం వేసింది.

నేర్పిన ప్రతి చక్రానికీ, గాలి కొట్టే మూత పక్కన, తెల్ల రంగుతో చిన్న చుక్క పెట్టడం ఆమె అలవాటు. ఎవరైనా టైరు మార్చుకొచ్చి మార్చలేదని బుకాయిస్తే ఆ చుక్కే సాక్ష్యం. ఈ చక్రానికి చుక్క లేదు. వేలితో తడిమితే నల్ల పాలిష్ వేలికి అంటుకుంది, దాని కింద రబ్బరు పగుళ్లు తగిలాయి. పాత టైరు. కొత్తవాటికన్నా పొట్టిది. వెనక చక్రం దగ్గరికి పాకింది. అక్కడా చుక్క లేదు.

నేల మీద అలా కూర్చునే ఆమెకి మిగతా సంగతి తట్టింది. బావ తన కారుకి వేసుకున్న కొత్త టైర్లు డెంటిస్టు గారి కారుకి వేసిన సరుకులోవే. ఒకే కంపెనీ, ఒకే అచ్చు. షాపుకొచ్చిన పోలీసులు అక్కడున్న ప్రతి కారు టైర్లూ చూశారు. బావ కారు దగ్గరికొచ్చి, ఈ అచ్చు వేరు అని దాటిపోయారు. వాళ్లొచ్చేసరికే టైర్లు మారిపోయాయన్నమాట. సెల్ఫ్ మోటారు పోవడం ఒట్టి మాట.

ఆమె లేచి వచ్చి సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. చేతులకి నలుపు అంటుకుంది. కాసేపు ఆ చేతుల్నే చూసుకుంది. అరవాలనిపించింది, కొట్టాలనిపించింది, రెండూ చేతకాలేదు. తన పెళ్లి జరిపించిన మనిషి. నాన్న లేని లోటు తెలియకుండా చూసిన మనిషి. ఆ మనిషే వారం రోజులుగా ఎదురుగా కూర్చుని, వాణ్ణి ఒప్పుకోమను చిన్నమ్మాయ్, నీ మంచి కోసమే చెబుతున్నా అంటూ వచ్చాడు. ఆ గొంతులో దయని నమ్మి ఆమె ఆయన ముందే ఏడ్చింది కూడా.

“టైర్లు ఎప్పుడు మార్చారు?” అని అడిగింది.

బావ నీళ్లు నమిలాడు. ఏ టైర్లు అన్నాడు, ఎవరు చెప్పారన్నాడు, షెడ్డులో కుర్రాళ్లెవరో మార్చి ఉంటారన్నాడు. ఆమె నల్లటి చేతులు రెండూ ఆయన ముందు చాపింది. బావ ఆ చేతులు చూసి, స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు.

“నేనే,” అన్నాడు చివరికి. “నేనే గుద్దాను. చీకటి పడుతోంది, కనబడలేదు. భయపడ్డాను. పాత టైర్లు వేసి, కొత్తవి కాల్చేశాను. బంపర్ నేనే సరిచేశాను. అచ్చు ఒక్కటే చూసుకున్నాను చిన్నమ్మాయ్, ఎత్తు సంగతి నా బుర్రకి తట్టలేదు.”

షాపు గోడకి తనే కొట్టిన అట్ట ముక్కని తనే మరిచి పప్పులో కాలేశాడు పెద్దమనిషి. ఇంకో సందర్భమైతే బాణాలమ్మ పడీ పడీ నవ్వేది.

“ఆయన్ని ఒప్పుకోమని చెప్పడానికి నన్ను తీసుకెళ్తున్నారు.”

“వాడు కుర్రాడు, తట్టుకుంటాడు. తిరిగొచ్చాక షాపులో సగం వాడిదే. రాసిస్తాను.”

“మీ షాపు ఎవడిక్కావాలి?” అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచకపోవడం వల్లే బావ తల ఎత్తి చూశాడు.

కోపంతో ఒళ్లు మండుతున్నా ఆమె బుర్ర మాత్రం చక్రంలా తిరుగుతూనే ఉంది. ఎక్కడో పంటి కింద రాయి తగులుతోంది. ఆ సాయంత్రం. తపాలా ఆయన రోడ్డు మీద పడి ఉన్నాడని కబురు వచ్చినప్పుడు తనెక్కడుంది? షాపులో. ఒక బస్సు కింద దూరి గేరు పెట్టె విప్పుతుంటే టార్చి పట్టుకుని నిలబడింది. విప్పుతున్నదెవరు? టార్చి సరిగా పట్టు అని నిమిషానికోసారి విసుక్కున్నదెవరు? కబురు చెప్పినవాడి మాటకి బస్సు కింద నుంచి నూనె మొహంతో పాక్కుంటూ బయటికొచ్చిందెవరు?

“బావగారూ, ఆ సాయంత్రమంతా మీరు నా కాళ్ల దగ్గరే ఉన్నారు. బస్సు కింద,” అంది.

బావ ముఖంలో రంగు పోయింది. నేరం ఒప్పుకున్నప్పుడు లేని భయం ఇప్పుడు కనబడింది.

బావ కాదు. తన మొగుడు కాదు. మరి ఈ కారు ఆ సాయంత్రం దానంతటదే వెళ్లిందా? దీనికి రెండే తాళాలు. ఒకటి బావ జేబులో ఉంటుంది. రెండోది ఇంట్లో, వంటింటి తలుపు వెనక మేకుకి ఉంటుంది. ఆ మేకు దగ్గరికి రోజూ పదిసార్లు వెళ్లే మనిషి ఒక్కతే.

బాణాలమ్మకి వెనక్కి తిరగాలని లేదు. అమ్మ ముఖం ఆమెకి జ్ఞాపకం లేదు, అమ్మ అనగానే గుర్తొచ్చేది అక్క ముఖమే. జడలు వేసింది అక్క, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది అక్క, చెల్లెలి చదువు ఆగకూడదని తన చదువు మానుకుంది అక్క. కారు షాపు యజమాని పెళ్లానికి కారు తోలడం రాదని బావ పదిమందిలో ఎగతాళి చేస్తే, నాకెందుకులే అని నవ్వేసేది కూడా ఆ అక్కే. ఇంత ఇరుకు కారులో ఆమె వైపు చూడకుండా ఎంతసేపని కూర్చుంటుంది? మెల్లిగా తిరిగింది.

అక్క కళ్లు తెరిచే ఉన్నాయి. ఎప్పటి నుంచి తెరుచుకుని ఉన్నాయో.

“ఆయన్ని తిట్టకే. నేను,” అంది అక్క.

వెనక బస్సులో ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తోంది. బావ ఒక్కసారిగా వెనక్కి తిరిగి, నోరు ముయ్యి, నీకు ఒంట్లో బాలేదు, ఏదేదో మాట్లాడకు అని అక్కని కసిరాడు. ఆ వెంటనే బాణాలమ్మ వైపు తిరిగి, రెండు చేతులూ జోడించాడు. ఎప్పుడూ పై నుంచి ఆర్డర్లు వేసే మనిషి అలా చేతులు జోడిస్తే ఆమె చూడలేకపోయింది.

“మీ అక్క అక్కడ ఒక్క పూట బతకదు. నీకు తెలుసు. వాడైతే బతుకుతాడు. నిన్ను పెంచిన మనిషి చిన్నమ్మాయ్. ఆలోచించు.”

ఆలోచించు అని చెప్పడం ఎంత తేలిక. ఒకవైపు మొగుడు, ఇంకోవైపు అక్క, ముందు లారీ, వెనక బస్సు, పక్కన గోడ. ఎక్కడికని కదులుతుంది? బాణాలమ్మకి ఊపిరాడలేదు. అద్దం దించింది, పొగ వచ్చింది, మళ్లీ ఎత్తింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక తన మీద తనకే అసహ్యం వేసింది. తనకి తెలియకుండా పోయి ఉంటే ఎంత బాగుండేది అని ఒక్క క్షణం అనుకుంది కూడా. మనం ఆమెని తప్పు పట్టక్కర్లేదు.

అప్పుడే స్పీకరు గరగరలాడింది. విరిగిన లారీని పక్కకి లాగేశారట, ఒక్కొక్కరే నెమ్మదిగా కదలమన్నారు. సొరంగం పొడుగునా ఇంజన్లు లేచాయి. ముందున్న కంటైనర్ లారీ ఒక జెర్క్ ఇచ్చి కదిలింది.

బావ ఇంజను వేశాడు. పెట్టె తెర మళ్లీ వెలుగు పెంచుకుంది, బాణం కాలవ వంతెన మీదికి ఎక్కింది. అది చూడగానే బాణాలమ్మకి చురుక్కుమంది. తన దగ్గరున్న సాక్ష్యం ఈ సొరంగంలో ఉన్నంతసేపే.

తొందరపాటులో పైకే అనేసింది. బయటికెళ్లి ఆకాశం కనబడగానే పెట్టె ఉపగ్రహాలని అడుగుతుంది, బాణం వెనక్కి గెంతుతుంది, ఆ పై కోర్టు దాకా తిన్నటి రోడ్డు. చక్రం చిన్నదైందని అది తనంతట తానే పసిగట్టి పాత కొలత చెరిపేసి కొత్త కొలత రాసుకుంటుంది. ఇక ఆ తర్వాత ఈ కారుకి మొదటి నుంచీ ఈ పాత టైర్లే ఉన్నాయని బావ ప్రమాణం చేసినా కాదనే దిక్కు ఉండదు. తప్పు దొరికితే దిద్దుకోవాలని పెట్టెకి నేర్పింది ఎవరో కాదు, తనే. తీగ పీకేస్తే మాత్రం లోపల పాత కొలత పాతగానే ఉండిపోతుంది. బండికున్న చక్రం ఒకటి, పెట్టె గుర్తుపెట్టుకున్న చక్రం ఇంకొకటి అని ఎవరైనా కొలిచి చూడొచ్చు.

ఈ మాటలన్నీ విన్న బావ కాలు యాక్సిలరేటర్ మీద పడింది. ఎంత తొక్కినా ముందు లారీ ఉంది, దాన్ని మించి పోలేడు. మలుపు దగ్గరపడింది. లారీ పక్కగా గోడ మీద సొరంగం దీపాల పచ్చటి వెలుగులో ఎక్కడి నుంచో తెల్లటి వెలుగు కలిసింది.

బాణాలమ్మ ముందుకి వంగి, డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, పెట్టె తీగ పట్టుకుంది. తను బిగించిన తీగే, చూడక్కర్లేకుండా వేళ్లకి దొరికింది. బావ ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఇంకో చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టుకి నొప్పి పుట్టింది. ఆమె వదల్లేదు, ఆయనా వదల్లేదు.

“వదలండి దాన్ని,” అంది అక్క వెనక నుంచి. “మా ఇద్దరి మధ్యకి రాకండి.”

పెళ్లైన ఇన్నేళ్లలో అక్క బావకి ఎదురు చెప్పడం బాణాలమ్మ వినలేదు. బావ కూడా విని ఉండడు. చెయ్యి దానంతటదే వదిలేశాడు.

“పీకెయ్యి చెల్లీ. నేను చెబుతాను కోర్టులో. నా వల్ల వాడు లోపల కూర్చుంటే నాకు ముద్ద దిగడం లేదు.”

బాణాలమ్మ తీగ పీకేసింది. తెర నల్లబడింది. ఆయన ఇంటికొస్తాడు అన్న ఒక్క మాట ఆమె తలలో మెదిలింది, దాని వెనకే అక్క ఇంట్లో ఉండదు అన్న మాట వచ్చింది. రెండూ కలిసి ఆమెకి ఏడుపు వచ్చేసింది. ముఖం దాచుకోకుండా ఏడ్చింది.

అక్క ముందుకి వంగి, చిన్నప్పటిలాగే చెల్లెలి తల మీద చెయ్యి వేసింది.

“ఇంకో మాట ఉందే. పీకకముందు చెబితే నువ్వు పీకవని చెప్పలేదు.”

బాణాలమ్మ ముఖం తుడుచుకుని తిరిగింది.

“నాకు కారు నేర్పమని మీ ఆయన్నే అడిగాను. మీ బావకి తెలియకుండా నేర్చుకుని, ఒకరోజు షాపు ముందుకి తోలుకొచ్చి చూపిద్దామనుకున్నాను. ఆ రోజు నా పక్క సీట్లో ఉన్నది మీ ఆయనే. సైకిలు తగలగానే నేను బ్రేకు వేశాను. ఆగాను. దిగబోయాను. ఆపొద్దు వదినా, పోనివ్వు అన్నాడు. నా కాలి మీద కాలేసి తనే యాక్సిలరేటర్ తొక్కాడు. చెట్ల దగ్గర దిగి నడిచి వెళ్లిపోయాడు.”

బావ బ్రేకు మీద కాలు వేశాడు, వెనక బస్సు హారన్ మోగించింది. ఈ సంగతి ఆయనకీ తెలియదని ఆ ముఖం చూస్తేనే అర్థమైంది. కాదని ఒక్కసారి అనడేం అని ఇన్నాళ్లూ తనని తొలిచిన ప్రశ్నకి జవాబు దొరికింది బాణాలమ్మకి. దొరక్కపోతేనే బాగుండేది.

మలుపు తిరిగింది. లారీ పక్కకి తప్పుకుంది. ఎండ ఒక్కసారిగా అద్దం మీద పడి ముగ్గురి కళ్లూ చెదిరాయి. ఎదురుగా కాలవ వంతెన, అవతల కోర్టుకి పోయే తిన్నటి రోడ్డు. ఒళ్లో ఫోను మోగింది. సిగ్నల్ వచ్చింది, లాయరు పేరు వెలుగుతోంది. ఎవరూ దాని వైపు చూడలేదు.

తీగ ఇంకా బాణాలమ్మ వేళ్ల మధ్యే ఉంది. దాన్ని మళ్లీ పెట్టెకి తగిలిస్తే చాలు, పెట్టె ఆకాశాన్ని చూసి, కొంత దూరం పోయేసరికి అన్నీ దిద్దుకుని, పాత చక్రాన్ని మర్చిపోతుంది. ఆ సంగతి ఇప్పుడు కారులో ఉన్న ముగ్గురికీ తెలుసు. అక్క చెయ్యి ఆమె తల మీద అలాగే ఉంది. బావ రోడ్డు చూడటం మానేసి ఆమె చేతినే చూస్తున్నాడు.